60 అడుగుల బోరు, ఆరడుగుల చెలమ: నెల్లూరు తీరంలో ఒక కేస్ స్టడీ

ఫోను మే మూడో వారంలో వచ్చింది. "సార్, మా బోరు చెడిపోయింది. రొయ్యల గుంటలోళ్ల వల్లే చెడిపోయిందని ఒక కాయితం రాసియ్యాలి" అన్నాడు అవతలి మనిషి. బోరు ఎందుకు చెడిందో చూడమని అడగలేదు, ఎవరివల్ల చెడిందో రాసిమ్మన్నాడు. 20 ఏళ్లుగా భూగర్భ జలాల పని చేస్తున్నవాణ్ణి, ఆ తేడా నాకు ఫోన్లోనే తెలియాల్సింది. తెలియలేదు.

ఊరి పేరు రాయడం లేదు, గొడవ ఇంకా పూర్తిగా చల్లారలేదు. విడవలూరు దాటి తూర్పుగా పోతే, పెన్న సముద్రంలో కలిసే చోటికి ఉత్తరాన, ఇసుక తిన్నె మీద ఉన్న మత్స్యకారుల పాళెం. 180 ఇళ్లు. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి, దాని పక్కనే 60 అడుగుల బోరు వేసి, 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ దించారు. డిసెంబరులో వేసిన రోజు కొబ్బరి నీళ్లలా ఉన్నాయట. ఆ ఎండాకాలం కాస్త చప్పబడ్డాయి, వానలకు మళ్లీ బాగుపడ్డాయి. రెండో ఎండాకాలం వచ్చేసరికి నోట్లో పోసుకోలేని పరిస్థితి. నేను వెళ్లిన రోజు మీటరులో కండక్టివిటీ (నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ పెరిగే విద్యుత్ వాహకత) 5,200 మైక్రోసీమెన్స్ చూపించింది. కరిగిన లవణాల లెక్కలోకి మారిస్తే లీటరుకు 3,300 మిల్లీగ్రాములకు పైనే. ఇంకో నీటి వనరు లేనప్పుడు మన తాగునీటి ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ హద్దు 2,000. అన్నం పచ్చబడుతోంది, పప్పు ఉడకడం లేదు, ఇంటింటికీ 20 లీటర్ల క్యాను కొంటున్నారు.

కారణం మీద ఊళ్లో మూడు మాటలు ఉన్నాయి. కుర్రాళ్లు పడమటి వైపు రొయ్యల గుంటలను చూపించారు. గుంటల యజమానులు సముద్రాన్ని చూపించారు. ముసలివాళ్లు మాత్రం 2004 సునామీ నాటి ఉప్పు అన్నారు. చివరిదాన్ని నేను మొదటి రోజే పక్కన పెట్టాను. సునామీ నీళ్లు పై నుంచి ఇసుకలోకి దిగిన మాట నిజమే, తీరంలో చాలా బావులు అప్పుడు ఉప్పైపోయాయి. కానీ ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కుమ్మరిస్తుంది. వదులు ఇసుకలో అలాంటి వానలు వరుసగా పడితే ఆ ఉప్పు ఇన్నేళ్లు నిలవదు. పైగా బోరు వేసిన రోజు నీళ్లు తియ్యగా ఉన్నాయి కదా.

నేల తీరు

పడమర నుంచి నడుచుకుంటూ వస్తే ముందు బకింగ్‌హాం కాలువ. పోటు వచ్చినప్పుడు ఉప్పుటేళ్ల గుండా సముద్రపు నీరు అందులోకి వస్తుంది. కాలువ దాటితే పర్ర. నల్లటి జిగురు బంక నేల, ఎండాకాలంలో పైన తెల్లగా ఉప్పు పొంగుతుంది. రొయ్యల గుంటలన్నీ ఆ పర్రలోనే. తర్వాత సరుగుడు తోటతో మొదటి ఇసుక తిన్నె, దాని వెనక పొడుగ్గా ఒక బాడవ (పల్లం), మళ్లీ ఇంకో తిన్నె. ఈ రెండో తిన్నె మీద పాళెం. ఆపైన ఒడ్డు.

ఈ తిన్నెలు ఊరికే గాలికి పోగుపడ్డ దిబ్బలు కావు. సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్ర మట్టం ఇప్పటి స్థాయికి దగ్గరగా వచ్చి నిలిచాక, పెన్న తెచ్చి పోసిన ఇసుకను అలలు ఒడ్డు వెంబడి వరుసలుగా పేర్చుకుంటూ పోయాయి. ఒక్కో తిన్నె ఒకప్పటి ఒడ్డు. రెండు తిన్నెల మధ్య పల్లం అప్పట్లో ఉప్పునీటి మడుగు, అందుకే అక్కడక్కడా బంకమట్టి పొరలు తగులుతాయి. తిన్నె ఇసుకలోకి దిగిన వాన నీరు, కింద ఉన్న ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పు నీరు బరువు, మంచి నీరు తేలిక. అది పాల మీద మీగడ కట్టినట్టు పైన కడుతుంది.

ఆ మీగడ మందానికి ఒక లెక్క ఉంది. 19వ శతాబ్దం చివర డచ్ ఇంజినీరు గైబెన్, 1901లో జర్మన్ ఇంజినీరు హెర్జ్‌బర్గ్ విడివిడిగా తేల్చింది. మంచి నీటి మట్టం సముద్ర మట్టం కన్నా 1 మీటరు ఎత్తున ఉంటే, సముద్ర మట్టానికి దిగువన 40 మీటర్ల దాకా మంచి నీరు ఉంటుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. దీన్నే తిప్పి చదవండి: నీటి మట్టం 10 సెంటీమీటర్లు తగ్గితే కింది ఉప్పు 4 మీటర్లు పైకి వస్తుంది. ఈ రెండో వాక్యాన్ని బోరు వేసేవాళ్లకు ఎవరూ చెప్పరు.

నేను చేసిన తప్పు

మొదటి రోజు బోరు నుంచి, గుంట నుంచి, కాలువ నుంచి సీసాల్లో నీళ్లు పట్టుకొని ల్యాబుకు పంపాను. సముద్రపు నీటిలో సోడియం, క్లోరైడ్ నిష్పత్తి అణువుల లెక్కన 0.86 ఉంటుంది. గుంట నీళ్లు సరిగ్గా అంతే వచ్చాయి. బోరు నీళ్లు 0.8. ఉప్పు నీరు కొత్త ఇసుకలోకి వచ్చినప్పుడు, మట్టి రేణువులు సోడియాన్ని పట్టుకొని కాల్షియాన్ని వదులుతాయి కాబట్టి ఆ కాస్త తగ్గుదల రావాల్సిందే. అంతా చక్కగా అతికింది. "బోరులోని లవణీయత రొయ్యల గుంటల ఊట లక్షణాలతో సరిపోలుతోంది" అని ఒక పేజీ నోటు రాసి ఇచ్చేశాను.

ఆ కాయితం పట్టుకొని ఊరివాళ్లు గుంటల మీదికి పోయారు. రెండు మోటార్లు విరిగాయి, పోలీసులు వచ్చారు.

నేను రాసిన వాక్యంలో అబద్ధం లేదు, అక్కరకొచ్చే సంగతీ లేదు. గుంటల్లో పోసేది ఉప్పుటేటి నీళ్లు. అంటే గుంటలో ఉప్పూ సముద్రపు ఉప్పే, కింద ఉన్నదీ సముద్రపు ఉప్పే. సోడియం కాదు, బ్రోమైడ్ చూసినా అంతే. ఒకే తల్లి బిడ్డలను రక్త పరీక్షతో విడదీయబోయినట్టు అయింది నా పని. ఉప్పు దేని నుంచి పుట్టిందో కెమిస్ట్రీ చెబుతుంది, ఏ దారిన వచ్చిందో చెప్పదు.

నా కళ్లు తెరిపించింది ల్యాబు రిపోర్టు కాదు, ఒక పెద్దామె బిందె. నోటు ఇచ్చిన పది రోజులకు, గొడవ సర్దడానికి పాళెం పెద్ద, పెద్దకాపు పిలిస్తే మళ్లీ వెళ్లాను. తోవలో బాడవ దగ్గర, మొగలి పొదల పక్కన, ఆమె ఇసుక తోడిన గుంటలోంచి చిప్పతో నీళ్లు ముంచి బిందెలో పోస్తోంది. ఏందమ్మా ఇది అంటే, "చెలమ అబ్బయ్యా, మా అత్త నాటి నుంచీ ఇక్కడే తోడుకుంటుండాం. ట్యాంకు నీళ్లు యాడ తాగేది?" అంది. మీటరు ముంచాను. 480 మైక్రోసీమెన్స్ మాత్రమే.

బోరు గుంటలకు 350 మీటర్ల దూరం. ఈ చెలమ 150 మీటర్లే. గుంటల ఊట బోరు దాకా వచ్చిందంటే ముందు ఈ చెలమ మీదుగా రావాలి. మొదటి రోజు నేను ఈ బాడవ పక్కనుంచే బండిలో పోయాను. చెలమ చుట్టూ తడి ఇసుకలో మేకల గిట్టలతో పాటు నక్క అడుగులు కూడా ఉన్నాయి. ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల మంచి నీళ్లు ఎక్కడున్నాయో వాటికి తెలుసు, జియాలజిస్టుకు తెలియలేదు. మొగలి పొదైనా నాకు చెప్పాలి. ఇసుక నేలల్లో అది గుబురుగా పెరిగిందంటే మంచి తేమ దగ్గర్లోనే ఉందని చదువుకునే రోజుల్లోనే విన్నాను.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి నీళ్లను అడగడం మాని లోతును అడిగాను. గుంటల నుంచి ఊట వస్తుంటే గుంటల వైపు ఉప్పు ఎక్కువ, బోరు వైపు పోయేకొద్దీ తక్కువ ఉండాలి. కింది నుంచి లేస్తుంటే బోరు అడుగున ఎక్కువ, చుట్టూ తక్కువ ఉండాలి.

ముందు రెసిస్టివిటీ సర్వే చేశాం. పొడి ఇసుక, మంచి నీటి ఇసుక, ఉప్పు నీటి ఇసుక కరెంటును అడ్డుకునే తీరులో చాలా తేడా ఉంటుంది. ఉప్పు నీళ్లున్న ఇసుకకు 1, 2 ఓమ్-మీటర్లే వస్తుంది. 12 మీటర్ల దగ్గర విలువ ఒక్కసారిగా పడిపోయింది. అయితే బంకమట్టి కూడా తక్కువే చూపిస్తుంది కాబట్టి, దాన్ని ఆధారం చేసుకొని ఇంకో నోటు రాసే ధైర్యం నాకు లేదు.

అందుకని చేతి ఆగరు (చేత్తో తిప్పే బరమా)తోనూ, కొన్నిచోట్ల నీళ్ల ఒత్తిడితోనూ సన్న పీవీసీ గొట్టాలు దించాం. ఒక్కో గొట్టానికి అడుగున మీటరు మేరకే ఫిల్టరు, అంటే నీళ్లు లోపలికి వచ్చే చిల్లుల భాగం. ఇక్కడ కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. మీటరు తీగ పాత బోరులోకి దించి లోతు లోతుకూ రీడింగ్ తీసుకుంటే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. పొడుగు ఫిల్టరున్న బోరులో నీళ్లు తమంతట తామే పైకీ కిందికీ తిరుగుతుంటాయి. మనం చదివేది నేలను కాదు, బోరు లోపల కలిసిపోయిన నీళ్లను. వేర్వేరు లోతులకు వేర్వేరు గొట్టాలు వేయాల్సిందే. ఖర్చే, కానీ తప్పదు.

బోరు పక్కన 5, 9, 13 మీటర్ల లోతుల్లో మూడు గొట్టాలు. మోటారు రాత్రంతా ఆపి పొద్దున్నే చూస్తే 5 మీటర్ల దగ్గర 650, 9 మీటర్ల దగ్గర 900, 13 మీటర్ల దగ్గర 4,100. తర్వాత 8 గంటలు మోటారు ఆడించాం. 5 మీటర్ల గొట్టంలో చలనం లేదు. 9 మీటర్ల దానిలో 1,500కు పెరిగింది. 13 మీటర్ల దానిలో 6,800 అయింది. బోరు కింద ఉప్పు శంకువు ఆకారంలో పైకి లేస్తోంది. అయినా నాకు ఒక అనుమానం మిగిలింది. గుంట నీరు కూడా బరువే కదా, ఊటగా దిగి అడుగున పాకుతూ బోరు కిందికి చేరి ఉండొచ్చు కదా? అందుకే గుంటలకూ బోరుకూ సగం దూరంలో ఇంకో లోతు గొట్టం వేశాం. అందులో 2,300. ఉప్పు గుంటల నుంచి నడిచి వస్తుంటే దారి మధ్యలో తక్కువ, చివర్లో ఎక్కువ ఉండదు. చివరి మాటగా మోటారును 20 రోజులు పూర్తిగా ఆపించాను. ట్యాంకర్లతో నీళ్లు తోలించే ఏర్పాటు చేసుకొని మరీ ఆపించాల్సి వచ్చింది. 13 మీటర్ల గొట్టం 4,100 నుంచి 3,200కు దిగింది.

ఇక బోరు ఎందుకు ఒక ఏడాది మోసం చేసిందో అర్థమైంది. తిన్నె మీద నేల సముద్ర మట్టానికి 4 మీటర్ల ఎత్తు. 18 మీటర్ల బోరు అంటే దాని అడుగు సముద్ర మట్టానికి 14 మీటర్ల దిగువన ఉంది. ఫిల్టరు అంతా కింది 6 మీటర్లలోనే. డిసెంబరు వానల తర్వాత నీటి మట్టం సముద్ర మట్టానికి 70 సెంటీమీటర్ల పైన ఉంటే, లెక్క ప్రకారం మంచి నీరు 28 మీటర్ల దిగువ దాకా ఉండాలి. మేలో మట్టం 30 సెంటీమీటర్లకు దిగితే అది 12 మీటర్లే. అంటే మోటారు వేయకపోయినా ఎండాకాలంలో బోరు అడుగు ఉప్పులోనే ఉంటుంది. దాని మీద రోజుకు 10 గంటలు 5 హెచ్‌పీ. వానలు వెలిసిన నెలలో బోరు వేసి, ఆ నీళ్లు రుచి చూసి, కొబ్బరికాయ కొట్టారు. తీరంలో బోరును పరీక్షించాల్సింది మే నెలలో.

ఈ అంకెలను మరీ నమ్మొద్దు. నేల ఎత్తు కొలిచే లెవెలింగులో 10 సెంటీమీటర్ల పొరపాటు జరిగితే లోతులో 4 మీటర్లు తేడా వస్తుంది. పైగా మంచి నీటికీ ఉప్పు నీటికీ మధ్య గీత గీసినట్టు ఉండదు, కలగాపులగంగా ఒక పొర ఉంటుంది. లెక్క దారి చూపుతుంది, తీర్పు గొట్టాలే చెప్పాలి.

రొయ్యల గుంటలు నిర్దోషులా అంటే అదీ కాదు. గట్టు నుంచి 30 మీటర్ల లోపు వేసిన తక్కువ లోతు గొట్టంలో 7,400 వచ్చింది. 100 మీటర్ల దగ్గర 1,100, ఆపైన మామూలే. ఊట ఉంది, పర్ర బంకమట్టి దాన్ని దూరం పోనివ్వడం లేదు. అసలు నష్టం వేరే చోట ఉంది. 1990ల మొదట్లో ఈ తీరమంతా టైగర్ రొయ్య మీద నడిచింది, వైరస్‌కు ఆ దశాబ్దం మధ్యలోనే కుదేలైంది. 2009 తర్వాత వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చింది. వనామీ ఉప్పు తక్కువున్న నీళ్లలోనూ పెరుగుతుంది. ఎండాకాలంలో గుంట నీరు చిక్కబడితే పలచన చేయడానికి మంచి నీళ్లు కలుపుతారు. అవి వచ్చేది మొదటి తిన్నె అంచున వేసిన ఫిల్టర్ పాయింట్ల (తక్కువ లోతు గొట్టపు బావుల) నుంచి. అంటే ఊరివాళ్లు తాగే మీగడనే వాళ్లూ తోడుతున్నారు. ఊరివాళ్లు ఉప్పు పోశారని తిట్టారు, జరిగింది మంచి నీళ్లు తీసుకోవడం. పాత నోటును వెనక్కి తీసుకుంటూ ఈ సంగతి రాసి ఇచ్చాను. ఇరువర్గాలకూ నచ్చలేదు.

దొరువు

ఆర్‌వో ప్లాంటు పెట్టిస్తామని ఒకరు అప్పటికే కొటేషన్ ఇచ్చి పోయారు. నేను వద్దన్నాను. ఉప్పు బోరు మీద ఆర్‌వో పెడితే అదే బోరు ఇంకా ఎక్కువ గంటలు నడవాలి, వడకట్టాక మిగిలే చిక్కటి ఉప్పు నీరు మళ్లీ అదే ఇసుకలోకి పోతుంది.

మీగడ కావాలంటే పైపైన తీయాలి. మన తీరంలో ఆ పనికి ఒక పాత పద్ధతి ఉంది, దొరువు. ఇసుకలో వాలుగా గుంట తవ్వి, ఊరిన నీళ్లు కుండలతో మోసి పొగాకు నారుకూ కూరగాయలకూ పోసేవాళ్లు. ఇసుక జారిపోతుంటుంది కాబట్టి చాలా జాగా తింటుంది. బాపట్లలోని ఉప్పు నీటి పరిశోధన విభాగం వాళ్లు దీన్నే మెరుగుపరిచారు. నీటి మట్టానికి కాస్త దిగువన చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, నీళ్లను ఒక బావిలోకి చేర్చి, చిన్న మోటారుతో తోడడం. ఒకే చోట లోతుగా లాగకుండా, పొడవునా పలచగా తీసుకోవడం దీని కిటుకు.

అవసరం లెక్క కట్టాం. 180 ఇళ్లు, సుమారు 800 మంది, మనిషికి జల్ జీవన్ మిషన్ లెక్కన రోజుకు 55 లీటర్లు. మొత్తం 45,000 లీటర్లలోపే. ఏడాదికి దాదాపు 16,000 ఘనపు మీటర్లు. తూర్పు తీర ఒండ్రు నేలల్లో వానలో 16 శాతం కిందికి ఇంకుతుందని భూగర్భ జలాల అంచనాల్లో వాడతారు. 1,000 మిల్లీమీటర్ల వానకు అది 160 మిల్లీమీటర్లు. పది హెక్టార్ల ఇసుక చాలు. తిన్నె, బాడవ కలిపి మాకు అంతకు రెండు రెట్లకు మించే ఉంది. సరుగుడు చెట్లు తాగేది పోయినా సరిపోతుంది.

చోటు ఎంచుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది. ట్యాంకు పక్కనే వేయమన్నారు, పైపు కలిసొస్తుందని. కానీ ఆరడుగుల లోతు నీరంటే మరుగుదొడ్ల గుంటలన్నీ దానికి చుట్టాలే. ఇళ్ల మధ్య ఒక చేతి పంపు నీళ్లలో నైట్రేట్ ఎక్కువొచ్చింది, మలం కలిసిందని చూపే కోలిఫామ్ సూక్ష్మజీవులు కూడా వచ్చాయి. ఉప్పు తప్పించబోయి పిల్లలకు విరేచనాలు తెచ్చే పని. చివరికి ఊరికి ఉత్తరాన, బాడవ మొదట్లో, ఇళ్లకు దూరంగా ఒప్పించాను. క్లోరిన్ తప్పనిసరి అని రాయించుకున్నాను.

జూన్‌లో, నీటి మట్టం బాగా దిగినప్పుడు తవ్వాం. తడి ఇసుక నిలవదు. ఒక గజం తవ్వితే గజం కూలుతుంది. రెండు పక్కలా ఫిల్టర్ పాయింట్లతో నీళ్లు తోడుతూ, ముక్క ముక్కగా గొట్టం దించుతూ పోయాం. మధ్యలో సిమెంటు వరలతో బావి. దానికి రెండు చేతుల్లా 30 మీటర్ల చొప్పున 110 ఎంఎం చిల్లుల పీవీసీ, పైన నైలాను జాలీ, కొబ్బరి పీచు. నీటి మట్టానికి అర మీటరు దిగువన ఉంచాం. మోటారు 1 హెచ్‌పీ, మట్టం పడితే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్‌తో. ఎంత ఆశ పుట్టినా అంతకుమించి లాగలేకుండా ఆ స్విచ్‌ను ఒక మట్టం దగ్గర బిగించేశాం.

రెండు చిన్న సంగతులు. బావిని మూసేసి కంచె వేశాక పాత చెలమను కూడా పూడ్చేద్దామన్నారు కుర్రాళ్లు. వద్దన్నాను. మేకలు, నక్కలు వేసవి గడిపేది దాని మీదే. నాకు కూడా అది ఉచితంగా దొరికే పరిశీలన బావి. రెండోది, మోటారు గది మీద పెద్ద ఎల్‌ఈడీ లైటు పెట్టారు. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి పూట గుడ్లలోంచి బయటికి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. వెలుతురు సముద్రం మీద ఉండాలి కానీ మా మోటారు గది మీద కాదు. లైటుకు డొప్ప పెట్టి పడమటికి తిప్పించాం.

తర్వాత

మొదటి ఎండాకాలం దొరువు నీరు 620, రెండో ఎండాకాలం 780. పాత బోరును 14 నెలలుగా తిప్పలేదు. 13 మీటర్ల గొట్టం 2,100 దాకా దిగి అక్కడే ఆగింది. అంతకన్నా దిగుతుందని నేను అనుకోవడం లేదు.

మధ్యలో ఒకసారి జాతరకు నీళ్లు చాలవని 1 హెచ్‌పీ తీసి 3 హెచ్‌పీ పెట్టారు. ఫ్లోట్ స్విచ్‌కు తీగ కట్టేశారు. వారం రోజుల్లో 1,300 అయింది. నాకు ఫోను చేసిన మనిషి మొదట్లో కాయితం అడిగిన మనిషే. "సార్, మళ్లీ గుంటలోళ్లేమో" అన్నాడు. మోటారు ఎంతది అని అడిగాను. కాసేపు మాట లేదు. పాత మోటారు పెట్టాక కిందికి రావడానికి నెలన్నర పట్టింది. తిన్నె అంచున ఫిల్టర్ పాయింట్లు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆపుతామని నోటి మాట ఇచ్చారు, అంతవరకే.

ఈ ఏడు మేలో చెలమ దగ్గర మీటరు ముంచితే 510. పెద్దామె ఇప్పుడు కుళాయి నీళ్లే పడుతోంది కానీ తాగడానికి మాత్రం ఇక్కడికే వస్తుంది. క్లోరిన్ వాసన నచ్చదట. వస్తుంటే పక్క పాళెంలో రిగ్గు కనబడింది. ఎన్ని అడుగులకు వేస్తుండారని అడిగితే వంద అన్నారు. బండి పక్కకు ఆపి దిగాను.